వంద డాలర్ల లాప్‌టాప్: అయ్యోరు లేని బడి ఎవరి కోసం?

'ప్రతి బిడ్డకూ ఒక లాప్‌టాప్' పథకం గురించి రాస్తున్నానంటే, చచ్చిన పామును ఎందుకు కొడతావని ఒక మిత్రుడు అడిగాడు. పాము చావలేదు, కుబుసం విడిచిందన్నాను. ఆ కుబుసం విడిచిన పాము మన ఊళ్ళలో, మన పిల్లల చేతుల్లో ట్యాబ్ రూపంలో తిరుగుతోంది. అయినా దాని గురించి మన పత్రికల్లో మనవాళ్ళు రాసింది తక్కువ. సాంకేతిక విషయం కదా, అది ఇంజనీర్ల సంగతిలే అని వదిలేశాం. చదువు గురించిన ఏ విషయమూ మనకు ఇతరుల సంగతి కాదు. చదువు ఎవరికి ఇవ్వాలి, ఎవరికి ఇవ్వకూడదు అనే ప్రశ్న మీదనే కదా ఈ దేశంలో వేల ఏళ్ళ పెత్తనం నిలబడింది.

ముందు కథ చెప్పుకుందాం. 2005 జనవరిలో దావోస్‌లో, అంటే ప్రపంచంలోని డబ్బున్నవాళ్ళు ఏటా కూడే చోట, నికొలస్ నెగ్రోపాంటె అనే అమెరికన్ ప్రొఫెసర్ ఒక ప్రకటన చేశాడు. ఈయన ఎంఐటీలో మీడియా ల్యాబ్ స్థాపించినవాళ్ళలో ఒకడు. వంద డాలర్లకే లాప్‌టాప్ తయారుచేసి పేద దేశాల పిల్లలందరికీ ఇస్తామన్నాడు. అదే ఏడాది నవంబర్‌లో ట్యునిస్ నగరంలో ఐక్యరాజ్యసమితి సమాచార సదస్సులో కోఫీ అన్నన్‌ను పక్కన నిలబెట్టుకుని నమూనా చూపించాడు. ఆకుపచ్చ పెట్టె, పక్కన పసుపుపచ్చ పిడి. కరెంటు లేని ఊళ్ళో పిల్లలు ఆ పిడి తిప్పి కంప్యూటర్ నడుపుకుంటారట. ఫొటోలు ప్రపంచమంతా అచ్చయ్యాయి. 2007 చివర ఫ్యాక్టరీ నుంచి అసలు యంత్రం బయటికి వచ్చేసరికి ఆ పిడి లేదు. ధర వంద కాదు, దాదాపు 188 డాలర్లు. కొద్ది ఏళ్ళలోనే 10 కోట్లకు పైగా లాప్‌టాప్‌లు పంచుతామన్నవాళ్ళు చివరికి పంచింది సుమారు 30 లక్షలు. అందులోనూ ఎక్కువ భాగం దక్షిణ అమెరికాలోని రెండు దేశాల్లో, పెరూలో, ఉరుగ్వేలో.

మొదట్లో వీళ్ళ బేరం ఎలా ఉండేదో తెలుసుకోవాలి. ప్రభుత్వాలకే అమ్ముతాం, 10 లక్షలకు తగ్గితే అమ్మం అన్నారు. లిబియా 2006లో 12 లక్షలకు ఒప్పుకుంది, అది కాగితం దాటలేదు. ఒక దేశం పది బళ్ళలో పెట్టి చూసి, ఏం జరిగిందో లెక్కగట్టి, ఆ తర్వాత కొనే దారి ఉంచలేదు. ముందే ఫలితం తెలిసిపోయినవాడికి పరీక్ష దేనికి?

అయితే యంత్రాన్ని మాత్రం ఎగతాళి చేయను. మనం పనిముట్టు విలువ తెలిసిన కులాల నుంచి వచ్చినవాళ్ళం. చెప్పు కుట్టే ఆరె, డప్పు మీద తోలు, మగ్గం మీద పలక, ఏదైనా బాగా చేసినదాన్ని బాగుందనే అంటాం. ఎక్స్ఓ అనే ఆ చిన్న లాప్‌టాప్ ఒకటిన్నర కిలో బరువు. మట్టి, నీళ్ళు లోపలికి పోకుండా రబ్బరు కీబోర్డు. చాలా తక్కువ కరెంటు తాగుతుంది. మేరీ లూ జెప్సెన్ అనే ఇంజనీరు చేసిన దాని తెర మిట్టమధ్యాహ్నం ఎండలో కూడా చదవడానికి వీలుగా ఉండేది. చెట్టు కింద బడి నడిచే పిల్లల్ని మనసులో పెట్టుకుని ఒక వస్తువు తయారుచేశారంటే అది చిన్న పని కాదు. మార్కెట్‌లో చవక లాప్‌టాప్‌లు రావడానికి కూడా ఈ యంత్రం పెట్టిన పోటీ ఒక కారణం. ఇంటెల్ లాంటి పెద్ద కంపెనీ దీనికి పోటీ యంత్రం తయారుచేసింది, 2007లో వీళ్ళతో చేయి కలిపింది, 2008 జనవరికల్లా గొడవపడి వెళ్ళిపోయింది.

తప్పు యంత్రంలో కన్నా దాని వెనకున్న బిడ్డ బొమ్మలో ఉంది.

ఆ బొమ్మ గీసినవాడు సెమూర్ పేపర్ట్. దక్షిణాఫ్రికాలో పుట్టి, అక్కడి జాతి వివక్షను యవ్వనంలోనే ఎదిరించినవాడు. జెనీవాలో పియాజే దగ్గర పనిచేసి, తర్వాత ఎంఐటీకి వచ్చి పిల్లల కోసం లోగో అనే కంప్యూటర్ భాష తయారుచేసిన బృందంలో ఒకడు. బిడ్డ చెప్పించుకుని నేర్చుకోడు, చేసుకుంటూ నేర్చుకుంటాడు, చేతికి మంచి వస్తువు ఇస్తే చాలు అన్నది ఆయన వాదం. ఇందులో నిజం లేదనను. పలక మీద బలపంతో దిద్దించి, తప్పు రాస్తే వేళ్ళ కణుపుల మీద కొట్టించుకున్నవాళ్ళం మనం, బట్టీ చదువును మనమెందుకు వెనకేసుకొస్తాం? కానీ పేపర్ట్ మాట నెగ్రోపాంటె నోట్లోకి వచ్చేసరికి ఇంకో మాటగా మారింది. మంచి అయ్యోరు కావాలి అన్నది పోయి, అయ్యోరు లేకపోయినా ఫరవాలేదు అన్నది మిగిలింది. ఇది దాచుకున్న మాట కూడా కాదు. 2012లో ఇథియోపియాలో రెండు ఊళ్ళకు ట్యాబ్‌లు డబ్బాల్లో పెట్టి పంపి, టీచరు లేకుండా పిల్లలు వాటంతట అవే ఇంగ్లీషు అక్షరాలు నేర్చుకున్నారని ఊరూరా చెప్పుకున్నారు.

ఈ పథకం మీద మార్గన్ ఏమ్స్ రాసిన పుస్తకం 'ది కరిజ్మా మెషిన్' 2019లో ఎంఐటీ ప్రెస్ నుంచే వచ్చింది. మన విద్యార్థులు చదవాల్సిన పుస్తకం. ఆమె పరాగ్వే దేశంలో కాకుపే అనే పట్టణం చుట్టుపక్కల బళ్ళలో నెలల తరబడి ఉండి చూసింది. అక్కడ ఒక స్వచ్ఛంద సంస్థ రెండు విడతల్లో సుమారు 10 వేల లాప్‌టాప్‌లు పంచింది. ఆమె చూసిందేమిటంటే, మూడింట రెండు వంతుల పిల్లలు ఆ యంత్రాన్ని దాదాపు వాడడం లేదు. కొందరివి పగిలిపోయాయి, కొందరికి ఆసక్తి లేదు. వాడినవాళ్ళలో ఎక్కువమంది పాటలు, వీడియోలు, ఆటలు. ఇందులో పిల్లల తప్పేముంది? పేపర్ట్ కలగన్నట్టు ప్రోగ్రాములు రాసినవాళ్ళు వేళ్ళ మీద లెక్కించేంతమంది. ఆ కొద్దిమందినీ ఆమె దగ్గరగా చూస్తే ఒక్కొక్కరి వెనక ఒక మనిషి ఉన్నారు. చదువుకున్న తల్లో, పట్టించుకున్న టీచరో, ఆ సంస్థ జీతమిచ్చి పెట్టిన శిక్షకుడో. యంత్రం ఒంటరిగా ఎవర్నీ తయారుచేయలేదు.

ఏమ్స్ ఇంకో మాట అంటుంది, నాకు పుస్తకమంతటిలో అదే విలువైనది. ఈ యంత్రం చేసినవాళ్ళు పేద దేశాల పిల్లల్ని ఊహించలేదు, చిన్నప్పటి తమను తాము ఊహించుకున్నారు. బడి అంటే విసుగుపడి, గదిలో ఒంటరిగా కంప్యూటర్ విప్పి బిగించిన తెలివైన మగపిల్లవాడు. ఆ పిల్లవాడికి సొంత గది ఉంది, ఖాళీ సమయం ఉంది, ఇంట్లో కంప్యూటర్ తెలిసిన పెద్దవాళ్ళున్నారు. అవన్నీ కథలోంచి జారిపోయి చివరికి 'నా అంతట నేను నేర్చుకున్నాను' అన్నది మాత్రమే మిగిలింది.

ఈ మాట చదివినప్పుడు నాకు పరిచయమున్న గొంతు వినిపించింది. మెరిట్ అనే గొంతు. మండల్ రోజుల నుంచి ఈ దేశంలో మనం వింటున్నదదే. అగ్రకులం పిల్లవాడి వెనకున్న తాతల చదువు, ఇంట్లో పుస్తకాల బీరువా, ట్యూషను, అడిగితే చెప్పే బాబాయి, ఇవేవీ లెక్కలోకి రావు. అన్నీ తీసేసి మిగిలినదాన్ని ప్రతిభ అంటారు. పరాగ్వేకు నేను కులం అంటగట్టడం లేదు, అక్కడి సమాజం వేరు, దాని గాయాలు వేరు. కానీ తనకు దొరికిన సాయాన్ని మరిచిపోయి, సాయం లేనివాడికి 'నువ్వూ నాలాగే నేర్చుకో' అని ఒక వస్తువు చేతిలో పెట్టే ఆ మనస్తత్వం మనకు కొత్తది కాదు.

ఏకలవ్యుడి కథ ఒకసారి గుర్తు చేసుకుందాం. బడిలో దాన్ని గురుభక్తి కథగా చెప్పారు. దళిత ఉద్యమం దాన్ని తెగిన బొటనవేలి కథగా తిప్పి చదివింది. నేను వేలికన్నా ముందు, మట్టిబొమ్మ దగ్గర ఆగుతాను. ద్రోణుడు చదువు చెప్పనన్నాడు. ఆ నిరాకరణకు బదులుగా దొరికింది మట్టిబొమ్మ. ఖర్చు లేనిది, జీతం అడగనిది, ఎక్కడైనా పెట్టుకోదగింది. చవక పరికరం అంటే అదే మొదటిది! అర్జునుడికి ఎవరూ మట్టిబొమ్మ ఇవ్వలేదు, అతనికి ద్రోణుడే ఉన్నాడు. ఏకలవ్యుడి పట్టుదలను పొగిడే ప్రతి నోరూ ద్రోణుడి తిరస్కారాన్ని కప్పిపుచ్చుతుంది. గురువు లేకుండా నేర్చుకున్నాడు చూడండి అంటే అర్థం, గురువును ఇవ్వనక్కర్లేదు అని.

పెరూ సంగతికి వద్దాం. అక్కడ ప్రభుత్వం 2008 నుంచి ఈ లాప్‌టాప్‌లను మొదట మారుమూల పల్లె బళ్ళకు పంపింది, తర్వాత పెంచుకుంటూ పోయి 8 లక్షలు దాటించింది. కొండప్రాంతాల్లో ఒక్క టీచరే అన్ని తరగతులూ నడిపే బళ్ళు, ఇంట్లో కెచువా మాట్లాడి బడిలో స్పానిష్ చదివే పిల్లలు. ఇంటర్‌నెట్ దాదాపు లేదు. ఇంటర్ అమెరికన్ డెవలప్‌మెంట్ బ్యాంక్ పరిశోధకులు 319 పల్లె బళ్ళను తీసుకుని లెక్కగట్టి 2012లో ఫలితం ప్రకటించారు. పిల్లలకూ కంప్యూటర్లకూ ఉన్న నిష్పత్తి 0.12 నుంచి 1.18కి పెరిగింది. అంటే ఎనిమిది మందికి ఒకటి ఉన్నచోట మనిషికొకటికన్నా ఎక్కువ. లెక్కల్లో, భాషలో మార్కులు మాత్రం కదల్లేదు. సాధారణ ఆలోచనా శక్తిని కొలిచే పరీక్షల్లో కొంత మెరుగు కనిపించింది, అది చెప్పకపోతే అన్యాయం. పదేళ్ళ తర్వాత మళ్ళీ ఆ బళ్ళ పిల్లల దారి పట్టి చూసిన అధ్యయనం కూడా చదువులో లాభమేమీ చూపించలేకపోయింది. చాలాచోట్ల పగిలిపోతాయన్న భయంతో లాప్‌టాప్‌లను ఇంటికి పంపలేదు. బిడ్డ సొంతం అన్న సూత్రం మీద నిలబడిన పథకంలో వస్తువు బీరువాలో ఉండిపోయింది.

ఉరుగ్వే కథ వేరు. అక్కడ ప్లాన్ సెయిబాల్ అని ప్రభుత్వమే 2007లో మొదలుపెట్టి, 2009కల్లా ప్రభుత్వ ప్రాథమిక బళ్ళలోని పిల్లలందరికీ, టీచర్లకూ ఇచ్చింది. బళ్ళకు ఇంటర్‌నెట్ లాగింది, మరమ్మతుకు ఏర్పాటు చేసింది, దాన్ని నడపడానికి శాశ్వత సంస్థను పెట్టింది. అది ఇప్పటికీ నడుస్తోంది. అక్కడ కూడా మొదటి ఏళ్ళలో లెక్కల మార్కులు పెరగలేదని పరిశోధకులే చెప్పారు. కానీ పేదింట్లో కంప్యూటర్ ఉండడం, లేకపోవడం అనే తేడా బాగా తగ్గింది. ఇంకో విశేషం ఉంది. ఇంగ్లీషు చెప్పే టీచర్లు చాలరని 2012 నుంచి వాళ్ళు తెర మీద బతికున్న మనిషిని, ఎక్కడో దూరంగా ఉన్న టీచరును, నేరుగా తరగతితో మాట్లాడించడం మొదలుపెట్టారు. లాప్‌టాప్ పంచిన దేశం చివరికి ఆ తెరలో అయ్యోరిని కూర్చోబెట్టుకుంది.

ఇక మన దేశం. 2006లో కేంద్ర విద్యాశాఖ నెగ్రోపాంటె పథకాన్ని తిప్పికొట్టింది. అప్పటి విద్యా కార్యదర్శి సుదీప్ బెనర్జీ, ఇది బోధనాపరంగా నమ్మదగింది కాదని, మనకు ముందు తరగతి గదులూ టీచర్లూ కావాలని రాశాడు. చదివినప్పుడు చప్పట్లు కొట్టాలనిపిస్తుంది. మూడేళ్ళు తిరక్కుండానే ఆ శాఖే ఏం చేసిందో చూడండి. 2009 ఫిబ్రవరి 3న తిరుపతిలో, శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయంలో, మంత్రి అర్జున్ సింగ్ చేతుల మీదుగా పది డాలర్ల లాప్‌టాప్ అన్నారు.

నేనప్పుడు తిరుపతిలోనే డిగ్రీ రెండో సంవత్సరం. పేపర్లో ఆ వార్త ముందే వచ్చింది. పది డాలర్లంటే 500 రూపాయలు. హాస్టల్లో రాత్రి పన్నెండు దాకా లెక్కలు. స్కాలర్‌షిప్ వస్తే మెస్ బాకీ పోగా ఎంత మిగులుద్ది, ఇద్దరం కలిసి ఒకటి కొంటే ఎవరి దగ్గర ఎన్నాళ్ళుండాలి. ఒకడైతే పెట్టెకు తాళం కూడా కొనుక్కొచ్చుకున్నాడు. తీరా అక్కడ చూపించింది లాప్‌టాప్ కాదు. తెర లేదు, కీబోర్డు లేదు, సమాచారం దాచుకునే చిన్న పెట్టె. దాన్ని ఇంకో కంప్యూటర్‌కు తగిలించుకోవాలి. ఇంకో కంప్యూటర్ ఉన్నవాడికి ఇది దేనికి? మర్నాడు హాస్టల్లో నవ్వినవాళ్ళు నవ్వారు, తాళం కొన్నవాడు మాత్రం నవ్వలేదు.

తర్వాత 2011 అక్టోబర్‌లో ఆకాశ్ వచ్చింది, 35 డాలర్ల ట్యాబ్లెట్ అని. కపిల్ సిబల్ విడుదల చేశాడు. మొదటి విడత హైదరాబాద్‌లోనే బిగించారు. నెమ్మది, తెర సరిగా పలకదు, బ్యాటరీ నిలవదని విమర్శలొచ్చి, ఒకరి మీద ఒకరు నేరం నెట్టుకోవడంతోనే కాలం గడిచింది. ఇందులో గమనించాల్సిందల్లా ఒకటే. 2006లో టీచర్లు ముందు అన్న ప్రభుత్వం టీచర్లనూ ఇవ్వలేదు. 2024-25 లెక్కల ప్రకారం కూడా దేశంలో ఒక్క టీచరుతో నడిచే బళ్ళు లక్షకు పైగా ఉన్నాయి. వాటి సంఖ్యలో మొదటి స్థానం మన ఆంధ్రప్రదేశ్‌దే. ఆ బళ్ళలో చదివేది ఎవరి పిల్లలో వేరే చెప్పాలా?

ఆ ఆంధ్రప్రదేశ్‌లోనే 2022 డిసెంబర్ 21న, అప్పటి ముఖ్యమంత్రి పుట్టినరోజున, ఎనిమిదో తరగతి పిల్లలకూ వాళ్ళ టీచర్లకూ కలిపి 5 లక్షలకు పైగా ట్యాబ్‌లు పంచడం మొదలైంది. లోపల బైజూస్ కంపెనీ పాఠాలు. మరుసటి ఏడాది అదే తేదీన ఇంకో విడత. వస్తువు ఇవ్వడం తప్పని నేననను. కార్పొరేట్ బడి పిల్లవాడు చూసే పాఠం వాడ పిల్ల కూడా చూడాలన్న ఆశ మన ఆశే. కానీ ఆ పాఠాల కంపెనీ 2024 జూలైలో దివాలా ప్రక్రియలోకి వెళ్ళింది. ప్రభుత్వ బడి పిల్లల చదువును మార్కెట్ షేర్ల మీద వేలాడగడితే జరిగేదిదే. టీచరు దివాలా తీయడు, బదిలీ అవుతాడు, అతని స్థానంలో ఇంకొకరు రావాలని ధర్నా చేయవచ్చు. యాప్ ముందు ఎవరు ధర్నా చేస్తారు?

ఇక్కడ మన పక్క నిలబడినట్టు కనిపించే ఒక వాదంతో కూడా తగువు పెట్టుకోవాలి. మరుగుదొడ్డి లేని బడికి లాప్‌టాప్ ఎందుకు, మంచినీళ్ళు లేనిచోట ట్యాబ్ ఎందుకు అంటారు కొందరు అభ్యుదయవాదులు. వినడానికి న్యాయంగా ఉంటుంది. కానీ ఈ వరసక్రమం ఎప్పుడూ మన పిల్లలకే ఎందుకు? వాళ్ళ పిల్లలకు మరుగుదొడ్డి, లాప్‌టాప్, టీచరు అన్నీ ఒకేసారి. మనకు మాత్రం ముందు నీళ్ళు, తర్వాత గోడ, ఆ తర్వాత ఎప్పుడో తెర. ఇంగ్లీషు మీడియం విషయంలోనూ ఇదే విన్నాం, మాతృభాషలో చదవమని మనకు చెప్పినవాళ్ళ పిల్లలు కాన్వెంటు వ్యాన్లు ఎక్కారు. అంబేద్కర్ బడికి రోజూ గోనెపట్టా మోసుకెళ్ళి, దాని మీద కూర్చుని, మళ్ళీ ఇంటికి మోసుకొచ్చుకున్నాడు. బిడ్డకొక సొంత వస్తువు ఇస్తే బడిలో చోటు ఇచ్చినట్టేనా అని నెగ్రోపాంటెను అడగాలి. చోటు దొరికేదాకా వస్తువు వద్దని వీళ్ళెవరు చెప్పడానికి అని ఈ మిత్రుల్ని అడగాలి. రెండూ అడగాల్సిందే.

నా హైస్కూలుకు నేను ఎనిమిదో తరగతిలో ఉండగా కంప్యూటర్లు వచ్చాయి. వాటికొక గది, గదికి తాళం, యంత్రాల మీద ప్లాస్టిక్ తొడుగులు. చెప్పులు బయట విడవాలి. మాలో చాలామందికి చెప్పులే లేవు, కాళ్ళకు దుమ్ముందని లోపలికి రానిచ్చేవాళ్ళు కాదు. పొద్దున్నే ఆ గది ఊడ్చింది మాత్రం హాస్టల్ పిల్లలం మేమే. ఊడ్చినంతసేపూ తెరల వైపు చూసేవాళ్ళం. నేను మొదటిసారి కీబోర్డు మీద వేలు పెట్టింది ఎం.ఏ.లో, యూనివర్సిటీ హాస్టల్లో. ఒక సీనియర్ అన్న, మాదిగపల్లె నుంచి వచ్చినవాడే, తన పాత కంప్యూటర్ ముందు రాత్రిళ్ళు కూర్చోబెట్టి తెలుగు టైపు నేర్పాడు. తప్పు కొడితే నవ్వేవాడు కాదు. తన థీసిస్ ఆపి నాకు నేర్పాడు.

ఏమ్స్ పరాగ్వేలో చేసిన పని మన వాడల్లో ఎవరూ చేయలేదు. ఎన్ని ట్యాబ్‌లు ఇచ్చారో ప్రభుత్వం లెక్క చెప్తుంది. ఏ ఇంట్లో ఎవరి చేతిలో ఉంది, ఆడపిల్ల చేతికి ఎంతసేపు వస్తోంది, అర్థం కాకపోతే ఎవర్ని అడుగుతోంది, పగిలితే ఎక్కడికి పోతోంది, ఈ లెక్క ఎక్కడా లేదు. మన పరిశోధక విద్యార్థులు సెలవుల్లో తమ ఊళ్ళకు పోయినప్పుడు ఈ నాలుగు ప్రశ్నలు అడిగి రాసుకోవచ్చు. పోయిన వేసవిలో మా మండలంలో నేను మొదలుపెట్టాను. మొదటి ఇంట్లో, ఇప్పుడు ఇంటర్ చదువుతున్న పిల్ల తల్లి నన్ను కూర్చోమని, ట్రంకుపెట్టె తెరిచి, చీరలో చుట్టిన ట్యాబ్ బయటికి తీసింది. "పగలగొడుతుందేమోనని నేనే దాచినాను సామీ, అట్లనే ఉండాది చూడు" అంది.